రక్తం చిందని దెయ్యం కథలు: తరచుగా అడిగే ప్రశ్నలు

దెయ్యం కథలంటే ఇష్టమే కానీ రక్తం, నరుక్కోవడాలు పడవు అని చాలామంది నాతో అన్నారు. ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు కాస్త మొహమాటంగా అంటారు. నాదీ అదే మనసు. చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రుళ్లు డాబా మీద పడుకోబెట్టి మా అమ్మమ్మ చెప్పిన కథల్లో ఒక్క రక్తపు చుక్క ఉండేది కాదు. అయినా మంచినీళ్లకి కిందికి దిగాలంటే ఇద్దరం చేతులు పట్టుకుని వెళ్లేవాళ్లం. ఆ భయం కోసమే ఇప్పటికీ వెతుక్కుని చదువుతున్నాను. పుస్తకం చెప్పమని అడిగిన స్నేహితులకీ చుట్టాలకీ ఇన్నేళ్లుగా ఇచ్చిన జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

రక్తం లేకపోతే భయం ఎలా వేస్తుంది? సప్పగా ఉండదా?

ఉండదు. ఈ తేడా మనవాళ్లకి ఎప్పుడో తెలుసు. భరతుడి నాట్యశాస్త్రంలో భయానకం ఒక రసం, బీభత్సం ఇంకో రసం. భయానకానికి స్థాయీభావం, అంటే మూలంగా నిలిచే భావం, భయం. బీభత్సానికి జుగుప్స, అంటే అసహ్యం. తెగిపడిన చేతిని చూసి మొహం తిప్పుకుంటాం, అది జుగుప్స. తాళం వేసిన గదిలోంచి ఉయ్యాల ఊగుతున్న చప్పుడు వస్తే ఊపిరి బిగబట్టి వింటాం, అది భయం. మొదటిది చూడలేక తప్పుకుంటాం, రెండోదాన్ని వదల్లేక దగ్గరికి వెళ్తాం. ఒక రసం కావాలి, ఇంకోటి వద్దు అనడం పిరికితనం అనుకోకండి. అది మీ అభిరుచి.

ఇంకో మాట. మంచి దెయ్యం కథలో భయం ఒక్కటే ఉండదు. అద్భుతం ఉంటుంది, చాలాసార్లు కరుణ ఉంటుంది. చచ్చిపోయినా వదిలి వెళ్లలేకపోయిన మనిషి కథ కదా అది! మీకు వీటిలో ఏది ఎక్కువ కావాలో తెలిస్తే పుస్తకం ఎంచుకోవడం తేలిక.

ఇంతవరకు ఒక్క దెయ్యం కథా చదవలేదు. దేనితో మొదలుపెట్టను?

రవీంద్రనాథ్ ఠాగూర్ 'క్షుధిత పాషాణ్'తో. 'ఆకలిగొన్న రాళ్లు' అని అర్థం. 1895 నాటి కథ. పత్తి మీద సుంకం వసూలు చేసే ఒక ఉద్యోగి బరీచ్ అనే ఊళ్లో, నది ఒడ్డున, పాడుబడిన పాలరాతి మహల్లో దిగుతాడు. రాత్రుళ్లు అక్కడ ఉండొద్దని ఊళ్లోవాళ్లు చెబుతారు. సాయంత్రం మెట్ల మీద కూర్చుంటే వెనకనుంచి గబగబా దిగివస్తున్న అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఆడపిల్లలు స్నానానికి పరుగెడుతున్నట్టు ఉంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఇక అక్కడినుంచి పగలు లెక్కలు రాసుకునే ఆ మనిషి రాత్రయ్యేసరికి వేరే కాలంలోకి జారిపోతుంటాడు.

కథ మొత్తంలో ఆయన్ని ఎవరూ ఏమీ చెయ్యరు. పీక పిసకరు, గోళ్లతో రక్కరు. ఆ ఇల్లు ఆయన్ని కొంచెం కొంచెంగా తినేస్తూ ఉంటుంది, అంతే. తెల్లవారుజామున మెహర్ అలీ అనే పిచ్చివాడు మహల్ చుట్టూ తిరుగుతూ దూరంగా పొండి, అంతా అబద్ధం అని అరుస్తుంటాడు. ఆ కేకకి నా వెన్ను జలదరించినట్టు ఏ రక్తపాతానికీ జలదరించలేదు.

ఠాగూర్ పదిహేడేళ్ల వయసులో, 1878లో, అహ్మదాబాదులో జడ్జిగా ఉన్న అన్నగారు సత్యేంద్రనాథ్ దగ్గర కొన్నాళ్లు ఉన్నారు. వాళ్లు ఉన్న ఇల్లు షాహీబాగ్‌లోని షాజహాన్ కాలపు మహల్. ఈ కథకి బీజం అక్కడే పడింది. ఆ సంగతి తెలిసి చదివితే పెద్ద ఇంట్లో పగలంతా ఒంటరిగా తిరిగిన కుర్రాడు కూడా కథలో కనిపిస్తాడు.

ఇది నచ్చితే వెంటనే ఆయనదే 'మణిహార' చదవండి. నగలంటే ప్రాణం పెట్టే భార్య, ఆమెని కాదనలేని భర్త, చీకట్లో స్నానఘట్టం మెట్ల మీదుగా పైకి వస్తున్న నగల గలగల. సత్యజిత్ రాయ్ 1961లో తీసిన 'తీన్ కన్యా'లో ఇదొక భాగం.

ఇంగ్లీషు చదవగలను. అక్కడ ఎవరిని చదవాలి?

ఎం.ఆర్. జేమ్స్‌ని. ఆయన కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలో పండితుడు. పాత రాతప్రతులు, చర్చిలు ఆయన లోకం. క్రిస్మస్ రోజుల్లో స్నేహితుల్ని గదిలో కూర్చోబెట్టుకుని తను రాసిన దెయ్యం కథలు చదివి వినిపించేవాడు. మొదటి సంపుటం 1904లో వచ్చింది. దెయ్యం కథకి సంయమనమే బలం, అన్నీ బాహాటంగా చూపిస్తే కథ చెడుతుంది అని ఆయన గట్టిగా నమ్మాడు, రాశాడు కూడా. 'ఓ, విజిల్, అండ్ ఐ విల్ కమ్ టు యూ, మై లాడ్' చదవండి. సెలవులకి సముద్రం ఒడ్డుకి వెళ్లిన ప్రొఫెసర్‌కి శిథిలాల్లో ఒక పాత ఈల దొరుకుతుంది. ఊదుతాడు. గాలి లేస్తుంది. ఆ హోటల్ గదిలో రెండు మంచాలుంటాయి, ఒకటి ఖాళీ. ఇంతకంటే చెప్పను. ఇది చదివాక లాడ్జిలో రెండు మంచాల గది ఇస్తే రెండోదాని మీద నా సంచులన్నీ సర్దేస్తాను.

చార్లెస్ డికెన్స్ 'ది సిగ్నల్‌మాన్' 1866లో వచ్చింది. రెండు వైపులా ఎత్తయిన గట్లు, మధ్యలో రైలు పట్టాలు, చీకటి సొరంగం, ఒంటరి సిగ్నల్ ఉద్యోగి. ప్రమాదం ముందు అతనికి ఒక ఆకారం కనిపిస్తుంటుంది. అంతకు ముందు ఏడాది స్టేపుల్‌హర్స్ట్ దగ్గర పట్టాలు తప్పిన రైల్లో డికెన్స్ స్వయంగా ఉన్నాడు. ఆ బెదురు కథలో ప్రతి వాక్యంలోనూ ఉంది. రైలు ప్రమాదాల ప్రస్తావన ఉంటుంది కానీ గాయాల వర్ణన ఉండదు.

ఎడిత్ వార్టన్ 'ఆఫ్టర్‌వర్డ్' (1910) నాకు మరీ ఇష్టం. ఇంగ్లాండులో పాత ఇల్లు కొనుక్కున్న అమెరికా దంపతులకి ముందే చెబుతారు: ఇంట్లో దెయ్యం ఉంది, కానీ చూసినప్పుడు అది దెయ్యమని తెలియదు, చాలాకాలం తర్వాత తెలుస్తుంది. ఈ ఒక్క ఊహతో కథంతా నడుస్తుంది.

ఒక కథ బాగుందని ఆ రచయితవన్నీ ధైర్యంగా చదివెయ్యొచ్చా?

వద్దు. నేను చేసిన పొరపాటు అదే. ఎం.ఆర్. జేమ్స్ మీద నమ్మకంతో 'లాస్ట్ హార్ట్స్' మొదలుపెట్టాను. పిల్లల ఛాతీ చీల్చిన సంగతి అందులో ఉంది. ఆ రోజు అన్నం సహించలేదు. లాఫ్కాడియో హెర్న్ జపాను కథలతో కూర్చిన 'క్వైడాన్' (1904)లోనూ అంతే. అందులో 'యుకి ఒన్నా' కథ మంచులా స్వచ్ఛంగా ఉంటుంది: తుపానులో చిక్కుకున్న ఇద్దరు కట్టెలు కొట్టేవాళ్లు, తెల్లటి స్త్రీ, ఎవరికీ చెప్పొద్దని ఆమె పెట్టిన ఒట్టు. అదే పుస్తకంలో హోయిచి అనే గుడ్డి గాయకుడి కథలో చెవులు పెరికేస్తారు. కథ గొప్పదే. రక్తం పడనివాళ్లు మాత్రం ఆ ఘట్టం దగ్గర పేజీ తిప్పేయండి.

తెలుగే చదువుతాను. మనకేం ఉన్నాయి?

ముందు చందమామ. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో బేతాళ కథలు చదవని ఇల్లు లేదు. ఒక్కసారి ఆలోచించండి: అర్ధరాత్రి, శ్మశానం, భుజాన శవం, శవంలో బేతాళుడు. సరంజామా అంతా బీభత్సానిదే. అయినా పదేళ్ల పిల్లలు అన్నం తింటూ చదివారు. ఎందుకంటే శవం ఎలా కుళ్లిందో అక్కడ ఎవరూ చెప్పరు. బేతాళుడు కథ చెబుతాడు, చిక్కుప్రశ్న వేస్తాడు, మన బుర్ర అటు పోతుంది. 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావు గారి చేతిలో ఆ పత్రిక భాష ఎంత శుభ్రంగా ఉండేదో, భయమూ అంత శుభ్రంగా ఉండేది. శంకర్ గారు వేసిన బేతాళుడి బొమ్మ ఇప్పటికీ కళ్లముందే ఉంది.

మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' ఇంకో పెద్ద గని. కాశీకి నడిచి వెళ్తూ మజిలీ మజిలీకీ మణిసిద్ధుడు శిష్యుడికి కథ చెబుతాడు. యక్షులు, రాక్షసులు, శాపాలు, మాయలు. భయం తక్కువ, అద్భుతం ఎక్కువ. భాష గ్రాంథికమే కానీ పది పేజీలు ఓపిక పడితే అలవాటవుతుంది.

విశ్వనాథ సత్యనారాయణ గారి 'హాహా హూహూ'లో దెయ్యం ఉండదు, గంధర్వుడు ఉంటాడు. గుర్రం తల ఉన్న గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్లో ప్రత్యక్షమవుతాడు. చిన్న పుస్తకం, ఒక మధ్యాహ్నం చాలు.

పద్యం చదివే అలవాటుంటే 'ఆముక్తమాల్యద' ఆరో ఆశ్వాసంలో మాలదాసరి కథ తియ్యండి. దేవుడి ముందు పాడటానికి వెళ్తున్న దాసరిని మర్రిచెట్టు దగ్గర బ్రహ్మరాక్షసుడు పట్టుకుంటాడు. పాట పాడి తిరిగొస్తాను, అప్పుడు తిను అని దాసరి మాట ఇస్తాడు. మాట ప్రకారం వస్తాడు కూడా. తినబోయేవాడే ఆ దాసరి పాట ఫలం కోసం బతిమాలుకునే చోట కళ్లు చెమరుస్తాయి. చెట్టు చుట్టూ ఎముకల వర్ణన కొంత ఉంటుంది, దాన్ని దాటేయండి.

'తులసిదళం' సంగతి చాలామంది అడుగుతారు. యండమూరి వీరేంద్రనాథ్ గారి ఆ నవల చేతబడి కథల్లో తెలుగువాళ్లని ఊపేసింది, కాదనను. కానీ ఈ పేజీలో దాన్ని సిఫారసు చెయ్యను. పసిపిల్ల మీద ప్రయోగం, ఆ పిల్ల పడే బాధ, క్షుద్రపూజలు తట్టుకోవడం కష్టం.

రక్తం ఉండదు సరే. మనసుని కలిచివేసేవి కూడా ఉంటాయి కదా?

ఉంటాయి. నిజానికి నేను ఎక్కువ జాగ్రత్త పడేది ఇక్కడే. ఎవరికైనా పుస్తకం చెప్పే ముందు వాళ్లింట్లో ఈ మధ్య ఎవరైనా పోయారా అని గుర్తు చేసుకుంటాను.

డబ్ల్యూ.డబ్ల్యూ. జాకబ్స్ 'ది మంకీస్ పా' (1902) చిన్న కథల్లో ఆణిముత్యం. ఒక సైనికుడు మన దేశం నుంచి ఇంగ్లాండుకి తెచ్చిన కోతి చెయ్యి, దానికి ఒక ఫకీరు పెట్టిన మూడు కోరికల మహిమ. చివర్లో తలుపు చప్పుడవుతుంది. రక్తం చూపించకుండానే గుండె ఆగినంత పని చేస్తుంది. కానీ బిడ్డని పోగొట్టుకున్న తల్లిదండ్రులకి ఆ కథ ఇవ్వకండి. సూసన్ హిల్ నవల 'ది వుమన్ ఇన్ బ్లాక్' (1983) కూడా అంతే. పొగమంచు, బురదనేల, ఆటుపోట్లకి దారి మూసుకుపోయే ఇల్లు, అన్నీ అద్భుతం. దాని గుండెల్లో ఉన్నది మాత్రం బిడ్డల చావు. ఠాగూర్ 'కంకాళ్' కథలో ఒక అస్థిపంజరం తన కథ తానే సరసంగా చెబుతుంది, అయితే అందులో విషం, ఆత్మహత్య ఉన్నాయి. మనసు బాగాలేని రోజుల్లో అది కూడా పక్కన పెట్టండి.

అలాంటి దుఃఖంలో ఉన్నవాళ్లు అడిగితే వర్జీనియా వుల్ఫ్ 'ఎ హాంటెడ్ హౌస్' (1921) చెబుతాను. రెండు మూడు పేజీలే. చనిపోయిన దంపతులు తాము బతికిన ఇంట్లో గది గదికీ తిరుగుతూ ఏదో వెతుక్కుంటుంటారు. వాళ్లు ఎవరినీ భయపెట్టరు.

చివర్లో దెయ్యం లేదు, అంతా ఎవరో ఆడిన నాటకం అంటే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటివి కానివి?

నాకూ నచ్చదు. పైన చెప్పినవాటిలో 'ఆఫ్టర్‌వర్డ్', 'విజిల్' ఆ మోసం చెయ్యవు. కానీ ఉందో లేదో తేల్చకుండా వదిలేసే కథలు వేరు, వాటిని ఈ లెక్కలో కొట్టేయకండి. హెన్రీ జేమ్స్ 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' 1898లో వచ్చింది. ఇద్దరు పిల్లలు, వాళ్లని చూసుకోవడానికి వచ్చిన యువతి, ఆమెకి కనిపించే రెండు ఆకారాలు. అవి నిజంగా ఉన్నాయా, ఆమె మనసులోనే ఉన్నాయా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వాక్యాలు పొడుగు, చదవడం కాస్త శ్రమే. షర్లీ జాక్సన్ 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' (1959) అంతకంటే హాయిగా సాగుతుంది, ఒంటరితనం మీద నేను చదివిన మంచి నవలల్లో ఒకటి. చీకట్లో ఎవరి చెయ్యి పట్టుకున్నానో తెలియని ఆ ఘట్టం కోసమైనా చదవాలి. ముగింపు విషాదం అని ముందే చెబుతున్నాను.

ప్రేమ ఉన్న దెయ్యం కథలు?

రాజస్థానీ రచయిత విజయదాన్ దేథా రాసిన 'దువిధ'. పెళ్లయిన మర్నాడే వ్యాపారానికి వెళ్లిపోయిన భర్త రూపంలో, ఆ పెళ్లికూతుర్ని ప్రేమించిన దెయ్యం ఇంటికి వస్తుంది. ఆమెకి మాత్రం నిజం చెప్పేస్తుంది. దెయ్యం నిజాయితీగా ఉంటుంది, మనుషులు ఉండరు. 2005లో వచ్చిన హిందీ సినిమా 'పహేలీ' ఈ కథే.

వైకోం ముహమ్మద్ బషీర్ మలయాళ కథ 'నీలవెలిచ్చం', అంటే నీలి వెలుగు. చవగ్గా అద్దెకి దొరికిన ఇంట్లో భార్గవి అనే అమ్మాయి దెయ్యమై ఉందని ఊరంతా చెబుతుంది. అద్దెకి దిగిన రచయిత పారిపోడు. ఆమెతో మాట్లాడటం మొదలుపెడతాడు, పాటలు పెడతాడు, తోటి అద్దెదారుని పలకరించినట్టు పలకరిస్తాడు. ఒక రాత్రి దీపంలో కిరసనాయిలు అయిపోతుంది. తెచ్చుకోవడానికి బయటికి వెళ్లి తిరిగి వచ్చేసరికి గదిలో ఏముందో ఆ పేరే చెబుతుంది. 1964 నాటి 'భార్గవీ నిలయం' సినిమాకి మూలం ఇదే.

నవ్వించేవి?

ఆస్కార్ వైల్డ్ 'ది కాంటర్‌విల్ ఘోస్ట్' (1887). మూడు వందల ఏళ్లుగా అందర్నీ హడలగొట్టిన దెయ్యం పాపం ఒక అమెరికా కుటుంబం చేతికి చిక్కుతుంది. నేల మీది రక్తపు మరకని మరకల మందుతో తుడిచేస్తారు, సంకెళ్లు చప్పుడు చేస్తుంటే నూనె రాసుకోమని సీసా ఇస్తారు. చివరికి దెయ్యం మీదే జాలేస్తుంది. సినిమాల్లో అయితే 2017లో వచ్చిన 'ఆనందో బ్రహ్మ'. మనుషుల్ని చూసి దెయ్యాలు భయపడటం అందులో అసలు విషయం.

మా పాపకి పదకొండేళ్లు. దెయ్యం కథలు కావాలని గొడవ. ఏమివ్వను?

ఇవ్వండి, ఆపకండి. బేతాళ కథలు, తర్వాత కాంటర్‌విల్ దెయ్యం, తర్వాత రస్కిన్ బాండ్ 'ఎ ఫేస్ ఇన్ ది డార్క్'. సిమ్లా దగ్గర పైన్ చెట్ల మధ్య రాత్రి నడిచి వస్తున్న మాస్టారికి, రాతి మీద కూర్చుని ఏడుస్తున్న కుర్రాడు కనిపిస్తాడు. రెండు పేజీల కథ, కానీ గట్టిగా తగులుతుంది, కాబట్టి మొదటిసారి పగలే చదివించండి. సత్యజిత్ రాయ్ 'ఫ్రిట్జ్' కూడా ఈ వయసుకి సరిపోతుంది. చిన్నప్పటి బొమ్మని పూడ్చిపెట్టిన చోటికి పెద్దయ్యాక తిరిగి వెళ్లిన మనిషి కథ.

పిల్లలు భయపడ్డాక 'అదంతా ఉత్తదే' అని కొట్టిపారేయకండి. పక్కన కూర్చుని, నీకు ఎక్కడ భయమేసింది అని అడగండి. వాళ్లు చెప్పడం మొదలుపెడితే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

కొనేముందు అందులో రక్తపాతం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

అట్ట చూసి నిర్ణయించకండి, మెత్తని కథలకీ పుర్రె బొమ్మలు వేస్తారు. నేను చేసేది ఒకటే. పుస్తకం మధ్యలో తెరిచి, మూడు చోట్ల ఒక్కో పేజీ చదువుతాను. భయపెట్టే ఘట్టంలో రచయిత చప్పుళ్లు, నీడలు, చలి, వాసన చెబుతుంటే కొంటాను. ఒంటి భాగాల పేర్లు వరసగా వస్తుంటే పెట్టేస్తాను. ఇంకో గుర్తు: దెయ్యం ఏం చేస్తుంది అన్న దానికన్నా దెయ్యానికి ఏం కావాలి అన్నది కథకి ముఖ్యమైతే అది మన పుస్తకమే. 1930లకి ముందువి చాలావరకు క్షేమం, 'లాస్ట్ హార్ట్స్' లాంటివి మినహాయిస్తే.

ఇవన్నీ డబ్బు పెట్టి కొనాలా?

అక్కర్లేదు. డికెన్స్, వైల్డ్, జాకబ్స్, హెర్న్, ఎం.ఆర్. జేమ్స్ మొదటి సంపుటాలు, ఠాగూర్ కథల ఇంగ్లీషు అనువాదం 'ది హంగ్రీ స్టోన్స్' పాత పుస్తకాల వెబ్‌సైట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా ఉన్నాయి. వినాలంటే ఆడియో పుస్తకాల వెబ్‌సైట్ లిబ్రివాక్స్‌లో ఆడియో దొరుకుతుంది. షర్లీ జాక్సన్, సూసన్ హిల్ కొనుక్కోవాల్సిందే.

మా అమ్మకి చూపు తగ్గింది. రోజూ చదివి వినిపిస్తాను. ఏది బాగుంటుంది, ఎలా చదవాలి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు ప్రత్యేకమైన అభిమానం, ఎందుకంటే ఈ కథలు పుట్టిందే వినడానికి. బేతాళ కథతో మొదలుపెట్టండి, కథ అవగానే ప్రశ్న దగ్గర ఆపి జవాబు అమ్మనే చెప్పమనండి. మా అమ్మ చెప్పే జవాబులు చాలాసార్లు విక్రమార్కుడి జవాబుకంటే నాకు నచ్చేవి.

తర్వాత 'క్షుధిత పాషాణ్'. ఇంగ్లీషులో చదివి మీ మాటల్లో తెలుగులో చెబుతూ వెళ్లండి, ఏమీ నష్టం లేదు. ఒక్క విడతలో పూర్తి చెయ్యకండి, మూడు సాయంత్రాలు పట్టనివ్వండి. అడుగుల చప్పుడు వచ్చే చోట వేగం తగ్గించండి. మెహర్ అలీ కేక దగ్గర గొంతు పెంచాలనిపిస్తుంది. పెంచకండి. మామూలుగా, కాస్త నెమ్మదిగా అనేసి, తర్వాతి వాక్యానికి ముందు ఒక్క క్షణం ఊరుకోండి. ఫ్యాను చప్పుడు వినబడనివ్వండి. తర్వాత ఏమైందని అమ్మ అడిగేదాకా ఆగి, అప్పుడు పేజీ తిప్పండి.